నలభై గ్రాముల దుమ్ము

ఆ వేసవిలో మా వదినకి ఉన్న ఒక్క కన్నూ పోయింది. అదే వేసవిలో నేను ఇంట్లో కూర్చుని ఒక వాక్యూమ్ క్లీనర్ బాగోగులు తేల్చాను. ఈ రెంటికీ సంబంధం లేదని మా ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. వాదించనీ. నేను రోజూ రాసుకున్న నోట్‌బుక్కు అతనెప్పుడూ తెరిచి చూడలేదు.

నా పని వస్తువుల్ని వాడి చూసి మంచీచెడ్డా రాయడం. కొనబోయేవాళ్ళు చదువుకునే ఒక వెబ్‌సైట్ ఉంది, దానికి రాస్తాను. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, ఫ్యాన్లు, ఏదొచ్చినా నెలో నెలన్నరో ఇంట్లో పెట్టుకుని, నానా హింసా పెట్టి, ఆ తర్వాత నింపాదిగా దాని పరువు తీస్తాను. 'ఈవిడ ఎవరికీ మొహమాటపడదు' అని చదివినవాళ్ళు కింద రాస్తుంటారు. నిజమే, మొహమాటం నాకు పుట్టుకతోనే తక్కువ.

వదిన మా ఆయనకి అక్క, అతనికంటే పన్నెండేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. ఇరవయ్యారేళ్ళు ఒక హోటల్లో గదులు శుభ్రం చేసి, తమ్ముణ్ణి చదివించి, బస్సు డిపోలో టైమ్‌కీపర్ని చేసింది. ఆ హోటల్లోనే ఒకరోజు బాత్‌రూమ్ కడుగుతుంటే యాసిడ్ చింది కుడికన్ను పోయింది. ఆ తర్వాత కూడా తొమ్మిదేళ్ళు ఒంటికన్నుతోనే పరుపుల దుప్పట్లు ముడత లేకుండా పరిచింది. పని మానేశాక మా ఇంటికొచ్చేసింది. కుడివైపు కనబడదు కాబట్టి మెడ ఎప్పుడూ కాస్త కుడికి తిప్పి ఉంచుకునేది. కొత్తవాళ్ళు ఆవిడ ఎవర్నో అనుమానంగా చూస్తోందనుకునేవారు.

పదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆవిడ నన్ను ఒక్కరోజు కూడా ఒక్క మాట అనలేదు. అదే నాకు ఒళ్ళు మంట. నేను బల్ల తుడిస్తే, నేను పక్కగదిలోకి వెళ్ళేదాకా ఆగి, అదే బల్ల మళ్ళీ తుడిచేది. నేను మడిచిన బట్టలు విప్పి మళ్ళీ మడిచేది. 'నువ్వు చేసింది బాలేదమ్మా' అని ఒక్కసారి అంటే పోట్లాడేదాన్ని. అనదే. పదేళ్ళు ఆ గుడ్డ చప్పుడు పక్కగదిలోంచి వింటూ బతికాను.

ఆ వేసవి మొదట్లో మా ఎదురుగా ఉన్న పాత భవనం కూలగొట్టడం మొదలుపెట్టారు. పొద్దున్న ఏడింటికల్లా సుత్తుల మోత. కిటికీలు మూసినా ఎర్రటి ఇటుకపొడి ఎక్కడో ఒకచోట దూరేది. వేడిగాలి, దుమ్ము, చెమట. సరిగ్గా అప్పుడే ఆ పెట్టె వచ్చింది.

"ఏంటమ్మా ఇది, చేతికర్రా?" అంది వదిన, నేను గొట్టం బయటికి తీస్తుంటే.

"వాక్యూమ్ క్లీనరు వదినా. తీగ ఉండదు. ఛార్జింగు పెట్టుకుని చేత్తో తోసుకుంటూ పోవడమే."

"హోటల్లో ఒకటుండేది, గాడిదంత. దాన్ని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి లాగేసరికి ప్రాణం పోయేది." చేత్తో ఎత్తి చూసింది. "తేలిగ్గానే ఉంది. మరి ఊడుస్తుందా?"

"అదే తేల్చాలి. ధర తక్కువ కదా, జనం ఆశపడతారు."

"నన్నడిగితే ఇప్పుడే చెప్తాను. ఊడవదు."

ఇలాంటివాటిని పరీక్షించడానికి నాకో పద్ధతి ఉంది. సన్న ఇసుక, ఉప్పు, పిండి, కత్తిరించిన నా వెంట్రుకలు కలిపి ఒక డబ్బాలో పెట్టుకుంటాను. హాల్లో టైల్స్ మీద మీటరు పొడవు, మీటరు వెడల్పు టేపు అంటించి, అందులో నలభై గ్రాముల దుమ్ము జల్లెడతో సమంగా చల్లుతాను. నాలుగు నిమిషాల గడువు. తర్వాత మిషన్ దుమ్ముడబ్బా తూస్తే ఎన్ని గ్రాములు ఎత్తిందో తెలిసిపోతుంది. తూనికలో మాయలుండవు. నాకు ఈ పద్ధతంటే గర్వం.

ఆ సంగతి చెబితే ఫోన్లో మా ఎడిటరుగారు పెదవి విరిచారు. "మిషన్‌ని మిషన్‌తో పోలిస్తే ఎవరు చదువుతారండీ? ఇంట్లో ఆడవాళ్ళు చీపురుతో పోల్చుకుంటారు. మీ ఇంట్లో చీపురు ఎవరు పడతారు?"

"మా వదిన."

"ఆవిణ్ణి పోటీకి పెట్టండి. వారానికోసారి, ఆరు వారాలు."

వదిన అడగ్గానే ఒప్పుకుంది. అంతేకాదు, ఆ రోజు ఉతికిన చీర కట్టుకుని, జుట్టు గట్టిగా ముడేసుకుని వచ్చింది. మా ఆయన డ్యూటీకి వెళ్ళేవాడు ఆగిపోయి, కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చున్నాడు. ముందు నేను మిషన్ నడిపాను. ముప్ఫై ఒక్క గ్రాములు. అంచుల దగ్గర ఇసుకని ఎత్తకుండా పక్కకి చిమ్మింది. తర్వాత మళ్ళీ నలభై గ్రాములు చల్లి వదినకి వదిలేశాను.

ఆవిడ ఊడవడం అంతకుముందు నేనెప్పుడూ కుదురుగా కూర్చుని చూడలేదు. చీపురుని నేలకి బాగా వాల్చి, లోపలి మూల నుంచి మొదలుపెట్టి, ఊడ్చినచోట మళ్ళీ కాలు పెట్టకుండా, ఒక్కో టైలూ పూర్తిచేసుకుంటూ వెనక్కి వెనక్కి జరిగింది. ఎక్కడా దుమ్ము లేవలేదు. చేటలోది తూస్తే ముప్ఫై ఎనిమిది.

మా ఆయన చప్పట్లు కొట్టాడు. "అక్కా, నీకు ఛార్జింగు కూడా అక్కర్లేదు."

"టీ అక్కర్లేదా మరి?" అని నవ్వింది వదిన. అలా నవ్వడం పదేళ్ళలో నాలుగైదుసార్లు చూశానేమో. ఆ సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ పక్కింటావిడకి చెప్పింది, దాన్ని ఏడు గ్రాముల తేడాతో ఓడించానని. ఆ తర్వాత రోజంతా మిషన్ని 'కొత్తకోడలు' అంటూ ఆటపట్టించింది. "నీ కొత్తకోడలు పదకొండు నిమిషాలు పనిచేసి మూడున్నర గంటలు పడుకుంటుందేంటమ్మా?" బ్యాటరీ గురించి ఆవిడ అన్నది నిజమే. పెట్టె మీద నలభై నిమిషాలని రాశారు. జోరు పెంచితే పదకొండు నిమిషాలకే చతికిలబడేది. ఆ మాట నా వ్యాసంలో అలాగే వాడుకున్నాను.

నవ్వాను గానీ నాకు కడుపు మండింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. అది మిషన్ మీద గెలుపులా లేదు నాకు. పదేళ్ళుగా పక్కగదిలో మళ్ళీ తుడుస్తున్న ఆ గుడ్డకి ఎవరో వచ్చి మెడల్ వేసినట్టుంది.

ఎడిటరుగారికి చెబితే, "ఫలితం ఆవిడకి చెప్పేశారా? చెప్పకూడదండీ, పోటీ పాడవుతుంది. ఇక చివరిదాకా ఏమీ చెప్పకండి" అన్నారు. సరేనన్నాను.

రెండో వారంలో వదిన వంటింట్లోంచి వచ్చి నా వెనక నిలబడింది. నేను మిషన్‌తో తివాచీ మీద పని చేస్తున్నాను. ఆవిడ మొహం ముందు చెయ్యి విసురుకుంటోంది.

"ఏంటి వదినా?"

"నీ కొత్తకోడలు వెనకనుంచి నలుసులు కక్కుతోందమ్మా. నల్లగా, ఈగల్లాగా. పట్టుకుందామంటే చేతికి రావు."

నేను మిషన్ ఆపేశాను. నాకు ప్రాణం లేచొచ్చింది. లోపలికి పీల్చిన దుమ్ముని ఫిల్టర్ దాటించి వెనకనుంచి గదిలోకి వదిలే మిషన్‌ని మించిన చెత్తమిషన్ ఉండదు. అలాంటి లోపం దొరికితే నాలాంటివాళ్ళకి పండగ. వెంటనే కంపెనీకి రాశాను. మర్నాడే వాళ్ళ మనిషి ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్తుడు.

"అలా జరగడానికి వీల్లేదండీ. అయినా కొత్త ఫిల్టర్ పంపిస్తున్నాం. అది బిగించి, గాలి బయటికొచ్చే చోట తెల్లకాగితం అంటించి చూడండి. నలుసులొస్తే కాగితం మీద పడాలి కదా."

న్యాయమైన మాట. ఫిల్టర్ రాగానే బిగించాను. గాలి వచ్చేచోట పెద్ద తెల్లకాగితం అంటించి, వదినని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, పది నిమిషాలు నడిపాను.

"ఎగురుతున్నాయా వదినా?"

"ఎగురుతున్నాయి."

"ఎక్కడ?"

"ఇదిగో. ఇక్కడ. అటు పోయింది."

కాగితం చూశాను. తెల్లగా, దుకాణంలోంచి తెచ్చినప్పుడెలా ఉందో అలాగే ఉంది. మిషన్ ఆపేశాను. చప్పుడు లేకుండా ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"ఇప్పుడు?"

వదిన మళ్ళీ మొహం ముందు చెయ్యి విసురుకుంది. "ఇప్పుడూ ఉన్నాయమ్మా."

"మిషన్ ఆపేశాను వదినా."

"మరి గాల్లో ఉండిపోయాయేమో. మధ్యమధ్య ఓ పక్కన మెరుపు మెరిసినట్టు కూడా ఉంటోంది. దాని ముందర లైటుందిగా, అదేనేమో."

లైటు కూడా ఆరిపోయే ఉంది. నేను కాగితం ఊడదీసి, మడిచి, నోట్‌బుక్కులో పెట్టుకున్నాను. తేదీ వేశాను.

కళ్ళాసుపత్రి మా ఇంటికి మూడు బస్‌స్టాపుల దూరం. 'ఒకసారి చూపించుకుందామా వదినా' అన్న మాట నోటిదాకా వచ్చింది. వచ్చి వెనక్కి పోయింది. దానికంటే తేలికైన మాట ఒకటి దొరికింది నాకు. ఆవిడ అబద్ధం చెబుతోంది. మిషన్ వస్తే ఇంట్లో తన అవసరం తీరిపోతుందని భయపడి దాని మీద చాడీలు చెబుతోంది. అలా అనుకుంటే నాకు హాయిగా ఉంది. అందుకే అనుకున్నాను.

ఆ మాటే మా ఆయనకి చెప్పాను. భోజనాల దగ్గర అతను అందుకున్నాడు.

"అక్కా, దాని ఉద్యోగంతో ఆటలొద్దు. లేనివి ఉన్నాయంటే కంపెనీవాళ్ళ దగ్గర దాని మాట పోతుంది."

"నేను లేనివి చెప్పలేదురా."

"కాగితం మీద ఒక్క నలుసు లేదట. కాగితం అబద్ధమాడుతుందా?"

వదిన కంచంలోకి చూస్తూ కూర్చుంది. నేను నీళ్ళు తాగాను. అతను అంత గట్టిగా అంటాడని నేననుకోలేదు గానీ, అన్నందుకు నొచ్చుకోనూ లేదు.

"లేదులే. నాకే అలా అనిపించిందేమో" అంది చివరికి.

మర్నాడు మిషన్ నడుపుతూ కావాలనే అడిగాను. "నలుసులున్నాయా వదినా?"

"లేవమ్మా. పోయాయి."

'ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు' అని రాసుకున్నాను.

మూడో వారం పోటీలో మిషన్ ఎప్పటిలాగే ముప్ఫై ఒకటి ఎత్తింది. వదిన ముప్ఫై మూడు. ఊడ్చాక చూస్తే టేపు గడిలో ఎడమవైపు నాలుగు వేళ్ళ వెడల్పున దుమ్ము పట్టీలా మిగిలిపోయింది. మిగతాదంతా అద్దంలా ఉంది. కుడివైపు మిగిలితే అర్థముంది, ఆ కన్ను లేదు. ఎడమ కన్ను మంచిది. మంచి కన్నున్నవైపే దుమ్ము వదిలేసిందంటే ఏమనుకోవాలి? తమ్ముడి చేత మాటనిపించానని నా మీద అలిగిందనుకున్నాను. అలిగి, పనిలో చూపిస్తోందనుకున్నాను. ఫోటో తీసుకుని ఊరుకున్నాను. ఫలితం చెప్పకూడదన్న నియమం ఒకటి ఉండనే ఉంది కదా.

నాలుగో వారం ఇరవయ్యేడు. మిషన్ ఆవిణ్ణి దాటిపోయిన రోజు అది. పట్టీ జానెడయింది. ఆ రోజు మా ఆయనకి సెలవు. నేను కర్టెన్లు మూసి, మిషన్ ముందరి పచ్చలైటు వేసి, నేలబారుగా దుమ్ము మీదికి తిప్పాను. ఆ లైటులో మామూలుగా కనపడని దుమ్ము కూడా గింజగింజగా లేచి కనబడుతుంది. ఈ ధరలో వచ్చే మిషన్లలో అది చాలా గొప్ప సదుపాయం, అలాగే రాశాను కూడా. ఫలితం చెప్పకూడదు గానీ, చూపించకూడదని ఎవరూ అనలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"వదినా, ఇది చూడండి."

"ఎక్కడ?" అంది. లైటు నేల మీద అంత మేర పరుచుకుని ఉంటే, ఎక్కడ అని అడిగింది. తర్వాత మెడ ఎడమకి తిప్పింది, ఇంకా తిప్పింది, భుజం కూడా తిప్పింది. "అయ్యో. ఎంతుందో."

మా ఆయన కుర్చీలోంచి వంగి చూశాడు. "ఏంటక్కా, రెండో కన్ను కూడా హోటల్లోనే వదిలేసొచ్చావా?"

నేను నవ్వాను. అతనూ నవ్వాడు. వదిన కూడా నవ్వింది, మా ఇద్దరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా.

ఆ తర్వాత రెండురోజులకి పొద్దున్నే హాల్లోకి వస్తే వదిన నేల మీద కూర్చుని ఉంది. చీపురు పక్కన పడేసి, ఊడ్చిన టైల్స్‌ని అరచేత్తో తడుముతూ జరుగుతోంది. ఇసుక తగిలినచోట ఆగి, అక్కడ మళ్ళీ చీపురేస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. లేచేటప్పుడు గోడ కోసం చెయ్యి చాచింది.

"అలవాటు తప్పుతోందమ్మా. సాధన చేస్తున్నా" అంది.

ఆవిడకి భయం వేసిందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు కూడా ఆ మొహం చూస్తే తెలిసే ఉండాలి. భయం వేసిన మనిషి అడుగుతుంది, నాకేదో అవుతోంది చూడండి అని. ఆవిడ ఒకసారి అడిగింది కదా. ఏం జరిగిందో చూసుకుంది.

నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను: 'చేత్తో తడుముతున్నారు. సమయం రెట్టింపు.' ఐదో వారం పోటీలో అరచేత్తో తడమకూడదని షరతు పెట్టాను. మిషన్‌కి చేతులు లేవు కాబట్టి న్యాయం ఇద్దరికీ ఒకటే ఉండాలన్నాను. వదిన సరేనంది. నాలుగు నిమిషాల గడువులో చీపురు గాల్లో రెండుసార్లు తిరిగింది, నేలకి తగలకుండానే. పంతొమ్మిది గ్రాములు.

ఎడిటరుగారు గ్రాఫ్ చూసి ఫోన్లోనే మెచ్చుకున్నారు. "అదిరిందండీ. ఒక గీత తిన్నగా, ఇంకో గీత కిందికి. మనిషి అలిసిపోతుంది, మిషన్ అలిసిపోదు. దీన్నే పైన పెడదాం."

"పెట్టండి" అన్నాను. ఆ రోజు నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం ఎలా ఉంటుందో నాకిప్పటికీ గుర్తుంది, అదే నన్ను ఎక్కువ బాధపెట్టేది.

ఆరో వారం సోఫా కింద పరీక్ష మిగిలింది. మిషన్ మెడ ఎంత పల్లంగా వంగుతుందో ఫోటో తీయాలి. వెలుతురు సరిపోక సోఫాని రెండడుగులు ఇటు, వంటింటి గుమ్మంవైపు లాగాను. కెమెరా సరిచేసుకుంటూ ఉండగా వదిన వంటింట్లోంచి నీళ్ళబకెట్టు పట్టుకుని వచ్చింది. రోజూ వచ్చే దారినే, రోజూ నడిచే నడకే. ఆగలేదు, తడబడలేదు. తిన్నగా వచ్చి సోఫాని కొట్టుకుని బోర్లా పడింది. బకెట్టు దొర్లింది. నీళ్ళు టేపు గడిలోకి పారి పిండీ ఉప్పూ ముద్దయిపోయాయి.

ముందు నాకు కోపమే వచ్చింది, గడి మళ్ళీ వేసుకోవాలే అని. లేపడానికి వెళ్ళాను.

"సోఫా ఇక్కడికెలా వచ్చిందమ్మా?" అంది. సోఫావైపు చూడటం లేదు. నావైపూ చూడటం లేదు. మణికట్టు వాస్తోంది.

నేను ఎదురుగా నిలబడి చెయ్యి అందించాను. ఆవిడ చెయ్యి గాల్లో వెతికింది. నా చేతికి జానెడు దూరంలో వెతికింది, పైన, కింద, మళ్ళీ పైన. ఇంకా తెలియనట్టు ఉండటానికి నాకు దారి లేకపోయింది.

కళ్ళాసుపత్రిలో డాక్టరు చిన్నవయసు అమ్మాయి. చీకటిగదిలో చాలాసేపు చూసి బయటికొచ్చి, మా ఇద్దర్నీ కూడా కూర్చోమంది.

"కన్ను వెనకభాగంలో గోడకి అంటుకుని ఒక పొర ఉంటుంది. అది ఊడిపోయింది. ఒక పక్కనుంచి మొదలై మధ్యదాకా వచ్చేసింది. ఇది ఒక్కరోజులో జరగదు. ముందు నల్ల నలుసులు ఎగిరినట్టు ఉంటుంది. మెరుపులు మెరిసినట్టు ఉంటుంది. తర్వాత ఒక పక్క తెర దించినట్టు చీకటవుతుంది. మీకు ఇవేమీ అవలేదా అమ్మా?"

మా ఆయన వదినవైపు చూశాడు. నేను నా చెప్పులవైపు చూశాను.

"ఈమధ్యే. నాలుగురోజులు అయిందేమో" అంది వదిన.

"నాలుగురోజుల్లో ఇంత ఊడదమ్మా. కనీసం నెల పైమాటే."

"మరి నేనే గమనించుకోలేదేమో. ఇల్లంతా దుమ్ము కదా, ఎదురుగా కూలగొడుతున్నారు."

"నలుసులు కనబడ్డ వారంలో వచ్చి ఉంటే కచ్చితంగా కాపాడేవాళ్ళం. ఆపరేషన్ చేస్తాను. ఆశ పెట్టుకోమని మాత్రం చెప్పలేను."

మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కాగితం అబద్ధమాడుతుందా అని తనన్న మాట అతనికి నిజంగా గుర్తులేదు. అది నటన కాదు. అతనికి ఇలాంటివి గుర్తుండవు, హాయిగా బతుకుతాడు. "అక్కా, ఒక్క మాట చెప్పొచ్చు కదా మాకు. మేం చచ్చామా?" అన్నాడు.

"తప్పైందిరా" అంది వదిన.

నేను నోరు తెరవాల్సింది అక్కడ. తెరవలేదు. తారీఖులతో సహా అంతా రాసిన నోట్‌బుక్కు నా సంచిలోనే ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆపరేషన్ అయింది. పదిరోజులు కట్టు, బోర్లా పడుకోవడం, చుక్కల మందు. కట్టు విప్పాక వెలుతురుందో లేదో తెలుస్తోంది, అంతే. కిటికీ ఎటుందో చెప్పగలదు. కిటికీలో ఎవరున్నారో చెప్పలేదు.

వానలు మొదలైన వారంలో నా వ్యాసం వచ్చింది. ఐదుకి మూడున్నర నక్షత్రాలు. అంతకుముందు నేను రాసినవేవీ అంతమంది చదవలేదు. ఎదురుగా భవనం పూర్తిగా కూలిపోయి, ఆకాశం ఎక్కువ కనబడటం మొదలైంది. దుమ్ము తగ్గింది.

పనిలేకుండా కూర్చోవడం వదినకి చేతకాదు. ఒకరోజు గోడకి తగిలించిన మిషన్ని తడుముకుంటూ వెళ్ళి తీసుకుంది. నేనొద్దన్నాను. వినలేదు. కాసేపు నడిపి ఆగింది.

"వింటున్నావా? ఇసుకున్నచోట గొట్టంలో గలగలమంటోంది. అయిపోయాక చప్పుడు సన్నబడుతోంది. చీపురుకి ఈ గుణం లేదమ్మా" అంది.

అప్పట్నుంచి రోజూ ఆవిడే. ఈ సంగతి మాటల్లో ఎడిటరుగారి దగ్గర అన్నాను. ఎడిటరుగారు ఫోన్లోనే ఎగిరి గంతేశారు. ఇది మనం వదిలేస్తే ఎలా అన్నారు. నేను కాదనలేదు. వ్యాసం చివర ఒక వాక్యం చేర్చి అర నక్షత్రం పెంచాను: 'చూపు లేనివారు కూడా చప్పుడును బట్టి సులువుగా వాడుకోగలరు, మా ఇంట్లోనే చూశాం.' ఆ వాక్యానికి వచ్చినన్ని కృతజ్ఞతలు మిగతా వ్యాసం మొత్తానికీ రాలేదు. చూపు తగ్గిన తల్లులున్నవాళ్ళు ఎంతమందో రాశారు. ఒక్కో ఉత్తరం చదువుతుంటే ఎవరో నా మొహం పట్టుకుని పొగుడుతున్నట్టుండేది.

వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం వదిన అడిగింది, "దీని గురించి రాశావు కదా, నాకెప్పుడూ చదివి వినిపించలేదే?"

చదివాను. బ్యాటరీ సంగతి, రోలర్‌కి వెంట్రుకలు చుట్టుకునే సంగతి, దుమ్ముడబ్బా చిన్నదన్న సంగతి. పదకొండు నిమిషాలు పనిచేసి పడుకుంటుందన్న చోట వదిన నవ్వింది, అది నా మాటేగా అంది. పోటీ దగ్గర గ్రాముల లెక్కలు కొంచెం గబగబా చదివేశాను. ఆ తర్వాతి పేరా దాటేసి కిందికి వెళ్ళిపోయాను.

"ఆగు. నలుసుల సంగతి రాయలేదా?"

"రాశాను వదినా."

"మరి చదువు."

చదివాను. "'మిషన్ వెనకభాగం నుంచి నల్ల నలుసులు వస్తున్నాయని ఇంట్లో ఒకరు ఫిర్యాదు చేశారు. తెల్లకాగితంతో పరీక్షించగా ఆ ఫిర్యాదుకు ఆధారం లేదని తేలింది.'"

"అది ఏ తారీఖు?"

చెప్పాను. పుస్తకం చూసుకోనక్కర్లేకపోయింది. వదిన పెదాలు కదుపుతూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆ రోజు నుంచి ఆసుపత్రికి వెళ్ళిన రోజుదాకా. మధ్యలో ఒకసారి తప్పి మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

"ముప్ఫైమూడు రోజులు" అంది.

నేను తిట్లకోసం చూశాను. తిడితే బాగుండేది. చేతిలో ఏదుంటే దాంతో కొట్టినా బాగుండేది. "వదినా" అన్నాను.

"అయితే మిషన్ది ఏ తప్పూ లేదన్నమాట" అంది నెమ్మదిగా. "దాన్ని ఊరికే ఆడిపోసుకున్నాను."

లేచి, గోడ పట్టుకుని వెళ్ళి, మిషన్ కిందికి దింపుకుంది. ఛార్జింగు నిండిందో లేదో చూడమంది. నిండిందని చెప్పాను. అవతలి గోడ దగ్గర మొదలుపెట్టి, చెవి వొగ్గి, గది అడ్డంగా తోసుకుంటూ వచ్చింది. నా కుర్చీ దగ్గర ఆగింది.

"కాళ్ళు పైకి తీసుకో అమ్మా" అంది.

తీసుకున్నాను. నా కుర్చీ కింద చాలాసేపు ఊడ్చింది, గొట్టంలో చప్పుడు సన్నబడేదాకా.